ఒక్క గీత పడలే

"ఏయ్! ఆగాగు! టేపు పెట్టకు!"

ఫంక్షన్ హాలు మెట్ల మీది నుంచి శ్యాంసుందర్ ఒర్రుకుంట ఉరికొచ్చిండు.

కారు పక్కన నిలబడ్డ నెత్తి నెరిసిన మనిషి బెదిరిపోయిండు. ఒక చేతిల బంతిపూల దండ, ఇంకో చేతిల టేపు.

"టేపు పీకితే రంగు లేసొస్తది, ఎరుకేనా? కొత్త కారయ్యా ఇది! సీట్ల మీది కవర్లు గుడ ఇంకా తియ్యలే."

"తెల్వక సారూ. పెండ్లిపిల్ల ఎక్కే బండాయె, బోసిగుంటె మంచిగుండదని..."

"గంత ముచ్చటుంటే రంగుకు తాకకుంట కట్టు."

నేరేడుపండు రంగు కారది. శ్యాంసుందర్‌కు పెండ్లాం రమ ఒక కన్ను, కారు ఇంకో కన్ను. ఏ కన్ను మీద ప్రేమ ఎక్కువనో రమనే అడగాలె.

పెండ్లి రమ తమ్మునిది. శ్యాంసుందర్ ఆదిలాబాద్‌ల కొలువు చేస్తడు. పిల్లను చూసుడుకు పోలే, వరపూజకు పోలే. ఇయ్యాల్నే సీదా జమ్మికుంటల దిగిండు. ఆడపెండ్లోళ్ళల్ల ఒక్కలు గుడ ఎరుకలేదు. అయినా మొగపెండ్లోళ్ళ ఇంటి అల్లుడాయె, చెప్పాల్నా! మీసం కిందికి దిగుతలేదు.

పెద్దమనిషి టేపు జేబుల ఏసుకున్నడు. భుజం మీది కొత్త కండువా తీసి బానెట్ మీద పరిచిండు. దాని మీద దండ పెట్టి, పక్క అద్దాలకు నూలుదారంతోని కట్టిండు.

"ఇగ రంగుకు తాకదు సారూ."

మెచ్చుకుంటే సొమ్మేం పోతది? కని శ్యాంసుందర్ నోట్లెకెళ్ళి మంచిమాట రాలే.

"దుమ్ము పడ్డది, అది గుడ తుడువు. పొడిబట్టతోని కాదు, గీతలు పడుతయ్. నీళ్ళు పోసి తుడువు."

పెద్దమనిషి అంగి చేతులు మడిచి, నీళ్ళు తెచ్చి తుడిసిండు.

లోపల సన్నాయి మోగింది. శ్యాంసుందర్ పోయి చూసిండు. పీటల మీద ఓ జంట కూసోని పిల్లగాని కాళ్ళు కడుగుతున్నరు.

'పిల్ల అవ్వ, బాపు మర్యాదస్తుల్లెక్కనే ఉన్నరు' అనుకున్నడు.

కని మనసంతా బయటనే ఉండె. మళ్ల వచ్చి చూసేసరికి, కారు మీద వేళ్ళతోని పేర్లు రాయబోతున్న పోరగాళ్ళను పెద్దమనిషి ఎల్లగొడుతున్నడు.

"ఓ పెద్దమనిషీ! నువ్వు గీడికెళ్ళి కదలకు. ఒక్క గీత పడ్డా ఊకోను. కారు తీస్కొని నా తొవ్వ నేను పోత. పిల్లను ఆటోల తోలుకుంటరు మీరు!"

పెద్దమనిషి ముఖం తెల్లవోయింది.

"అంతమాట అనకుండ్రి సారూ. ఈడనే ఉంట."

జరసేపటికి మేళం జోరందుకున్నది. పెద్దమనిషి హాలు దిక్కు మెడ సాచిండు.

"సారూ, ఒక్క నిమిషం. పుస్తె కట్టంగ దూరం నుంచి చూసొస్త."

"ఎవలి పుస్తె ఎవలు కడితె నీకేందయ్యా? నువ్వు గట్ల పోతె, పోరగాళ్ళు గిట్ల గీకుతరు. నా బామ్మర్ది పెండ్లి, నేను పోవాలె. నువ్వుండు."

ఆ మాట యాదికొస్తె శ్యాంసుందర్ ఇప్పటికి గుడ తల పైకెత్తడు.

పెద్దమనిషి ఏమో అనబోయిండు. మళ్ల కారు దిక్కే తిరిగిండు.

శ్యాంసుందర్ లోపలికి పోయి అక్షింతలేసిండు, ఫొటోలు దిగిండు, మటన్ మళ్ళ మళ్ళ ఏయించుకొని తిన్నడు.

చెయ్యి కడుగుతుంటె బయట పటాకుల మోత. బ్యాండోళ్ళు కారు పక్కన్నే పటాకుల లడీ అంటుపెట్టిండ్రు!

శ్యాంసుందర్ ఉరికొచ్చి కారు చుట్టు తిరిగి చూసిండు. నిప్పురవ్వ మచ్చ ఒక్కటి లేదు.

పెద్దమనిషి దండ పక్కకు జరిపి, కండువా నిండుగ పరిచి, దాని మీద చేతులు అడ్డంపెట్టుకొని ఉన్నడు. కండువాకు కాలిన బొక్కలు. ముంజేతి మీద ఎర్రటి బొబ్బలు.

"అయ్యో, చెయ్యి కాలిందిగదా!"

"ఏం కాలే సారూ. చూస్కోండ్రి, ఒక్క గీత పడలే."

శ్యాంసుందర్‌కు సిగ్గయింది. పొద్దటిసంది గా మనిషి ముఖం నిమ్మళంగ చూసింది గిప్పుడే. ఎండకు పెదవులు పగిలి ఉన్నయ్. పేరేందని గుడ అడగకపాయె.

"తిన్నవా?"

"పిల్లను సాగనంపినంక తింట తియ్యండ్రి."

శ్యాంసుందర్ ఏమన్న ఒక మంచిమాట అందామనుకున్నడు. గంతల్నే జనం బయటికొచ్చిండ్రు. అప్పగింతలు.

పీటల మీద కూసున్న రాయమల్లు, లస్మవ్వ కలిసి పెండ్లిపిల్ల నవనీత చేతిని అత్త చేతిల పెట్టిండ్రు. నవనీత ఏడ్సుకుంట చుట్టుముట్టు దేవులాడింది.

"బాపు ఏడి?"

శ్యాంసుందర్ రాయమల్లును చూపెట్టిండు. "గీడనే ఉన్నడు గద చెల్లె!"

లస్మవ్వ కొంగుతోని కండ్లొత్తుకున్నది.

"మేం దాని పెద్దవ్వ, పెద్దబాపులం కొడుకా. దాని తల్లి కాలం చేసింది. ఆలి లేనోడు పీటలెక్కొద్దంటరని మేం కూసున్నం. పుస్తె కట్టెటప్పుడన్న వచ్చి ఎదురుంగ నిలబడుమంటిమి. మా మరిది హనుమండ్లు యాడికి పోయిండో, పొద్దటిసంది పత్తా లేడు."

శ్యాంసుందర్ మెల్లగ కారు దిక్కు తిరిగిండు.

నవనీత అప్పటికే కారు ఎనుకకు ఉరికింది. కాలిన కండువాను వీపు ఎనుక దాసుకున్న మనిషిని వాటేసుకున్నది.

"పుస్తె కట్టంగ చూసినవా బాపూ?"

హనుమండ్లు శ్యాంసుందర్ దిక్కు చూడకుంట, బిడ్డ నెత్తి నిమురుకుంట, "కండ్లార చూసిన బిడ్డా" అన్నడు.