మబ్బు తొలగేదాకా

కట్టెల చితులు మాన్పించి, ఊరూరా ఎండతో నడిచే దహనవాటికలు పెట్టించిన ఆర్థికవేత్త హైమవతి, ఆ రోజు కర్నూలు వాటికలో తండ్రి పాడె పక్కన నిలబడింది. మబ్బు పట్టి యంత్రం ఆగిపోయింది.

"కట్టెలు తెప్పిద్దాం అక్కా. నువ్వడిగితే ఎవరూ కాదనరు," అన్నాడు తమ్ముడు శేషగిరి.

ఆమెకూ సరేననే మాట నోటిదాకా వచ్చింది. కానీ వెనక మరో పాడెతో వచ్చినవాళ్లూ ఆకాశం వంకే చూస్తున్నారు.

"వాళ్లకు లేనిది మనకొద్దురా," అంది.

అందరూ వేపచెట్టు కింద కూర్చున్నారు. నాన్న చిన్నప్పుడు సర్కస్ వాళ్ల వెంట పారిపోయిన సంగతి మేనత్త ఎత్తుకుంది. హైమవతి ఎన్నడూ వినలేదది. ఏడుస్తూనే నవ్వింది.

ఇంతలో ఎండ కాసింది. "మీ వంతేనమ్మా," అన్నారు వెనకవాళ్లు.

"ముందు మీరు కానివ్వండి," అని హైమవతి మేనత్త దగ్గరికి జరిగింది. "తర్వాత ఏమైందత్తా?"