కెరటం ఎత్తు

"పాడు ఫోను! మనిషి ములిగిపోయే కెరటం వొచ్చింది. ఇందులో సూడే, బూడిద గీతలాగ పడింది."

గంగ ఒడ్డున బడ్జ్ బడ్జ్ రేవు మెట్ల మీద నిలబడి, తీసిన ఫొటో చూసుకుని గవరయ్య విసుక్కున్నాడు. సముద్రపు పోటుకి గంగలో ఎదురెక్కి వచ్చిన కెరటం అప్పుడే దాటిపోయింది.

కింది మెట్టు మీద అతని భార్య జగ్గమ్మ వణుకుతూ తడిచీర పిండుకుంటోంది. బట్టలు ఉతుకుతుండగా కెరటం ఆమెను నీళ్లలోకి లాగేసింది. ఎవరిదో పడవ గొలుసు చేతికి దొరికి బయటపడింది. మోచేయి చీరుకుపోయి రక్తం కారుతోంది.

"నాను కేకేసినాను. ఇనబడనేదా?"

"ఇనబడింది. తడిసిపోయి అరుత్తన్నావనుకున్నాను. ఇలాటిది మళ్లీ కనబడతాదా? తమ్ముడికి పంపుదామంటే దీని ఎత్తే పడనేదు."

జగ్గమ్మ మెట్లెక్కి వచ్చి ఫోను లాక్కుంది. ఫొటోను వేళ్లతో పెద్దది చేసింది. కెరటం కింద నల్లని చుక్క ఒకటి ఉంది.

"ఇదేటి?"

"సెత్తేదో కొట్టుకొచ్చింది."

"సరిగ్గా సూడు!"

గవరయ్య వంగి చూశాడు. చుక్క పక్కన పైకెత్తిన చెయ్యి, ఆ చేతికి ఎర్ర గాజులు.

"జగ్గమ్మా..."

"నా తల కాడినుంచి పైకి సూడు. దాని ఎత్తు ఇప్పుడు కనబడతందా?" ఆమె ఫోను అతని చేతిలో కుక్కింది. "పంపు నీ తమ్ముడికి!"

బట్టల మూట కోసం చూడకుండా ఒక్కతే మెట్లెక్కి వెళ్లిపోయింది. గవరయ్య ఆ ఫొటోను చూడలేకపోయాడు. తుడిచెయ్యనూలేకపోయాడు.