వెనక లిఫ్టు

బైక్ టాక్సీ దిగి ఆమె గేటు దగ్గరికి వచ్చేసరికి, వాచ్‌మన్ వాల్దెమీర్ రేడియోకి చెవి ఆనించి ఉన్నాడు.

రెసీఫే నగరంలో సముద్రపు ఒడ్డున ఉన్న ఆ భవనానికి అతను ఏళ్ల తరబడి కాపలా. త్వరలో అతని స్థానంలో కెమెరా పెడతారట. అలా పెట్టకుండా ఆపే బిల్లు మీద ఇవాళే రాష్ట్ర శాసనసభలో ఓటింగు.

అది ఓడిపోతే, ఈ వయసులో ఇంకెవరు కొలువిస్తారు?

“డాక్టర్ అనీబల్ గారిని పిలువు. తొందరగా,” అందామె.

గొంతు విని వాల్దెమీర్ తలెత్తాడు. నల్లగా, పొడుగ్గా ఉంది. తలకి పసుపు గుడ్డ.

“నిన్ను అక్కా అనాలా, అన్నా అనాలా?”

“అక్కా అను. ఆయన ఫోనెత్తడం లేదు. ఒక్కసారి పైకి ఇంటర్‌కమ్ చెయ్యి, పెద్దాయనా.”

“భోంచేసి పడుకున్నారు. నీలాంటిదాని కోసం లేపితే, కెమెరా రాకముందే నా ఉద్యోగం ఊడుతుంది.”

“నేను శాసనసభ నుంచి వచ్చాను.”

“సభ ఊడ్చేవాళ్ళైనా వెనక గేటే. పనివాళ్ళు, సరుకులు, కుక్కలు, అన్నీ వెనక లిఫ్టులోనే.”

గేటు ఊచల మీద ఆమె చెయ్యీ, అతని చెయ్యీ ఒకే రంగులో ఉన్నాయి.

“సరే, వెనక నుంచే వస్తాను. తలుపు తియ్యి.”

“తీస్తాలే. వెనక లిఫ్టులో ఎవరిదో సామాను దింపుతున్నారు. అయ్యేదాకా ఆగు.”

ఆమె వెనక గేటుకి వెళ్ళింది. పరుపులు దిగాయి, బీరువా దిగింది, ఫ్రిజ్ ఇరుక్కుంది.

మళ్ళీ పరుగున ముందుకొచ్చి కిటికీ తట్టింది. “పెద్దాయనా, అక్కడ ఓటింగు...”

“ఉండవమ్మా! మా బిల్లు సంగతే చెబుతున్నారు!” కిటికీ అద్దం మూసేసి, రేడియో పెద్దది చేశాడు.

అద్దానికి అరచేతులు ఆనించి ఆమె ఏదో అరుస్తోంది.

అటూ ఇటూ సమానంగా ఉన్నారనీ, ఒక సభ్యుడు ఇంకా రాలేదనీ రేడియో చెప్పింది.

“ఎవడా దరిద్రుడు! ఇంట్లో పడుకుని ఉంటాడు!” అని వాల్దెమీర్ పళ్ళు నూరాడు.

ఆమె గడియారం చూసుకుంది. రోడ్డు మీదికి పరిగెత్తి, కనపడిన బైకు ఎక్కేసింది.

“పీడ పోయింది,” అనుకున్నాడతను.

కాసేపటికి రేడియో చెప్పింది. బిల్లు ఒక్క ఓటు తక్కువై వీగిపోయింది.

వాల్దెమీర్ రేడియో కట్టేశాడు.

ముందు లిఫ్టు తలుపు తెరుచుకుంది. కోటు తొడుక్కుని, చేతికర్ర తాటించుకుంటూ డాక్టర్ అనీబల్ వచ్చాడు.

“కాస్త కన్నంటుకుంది. నేను ఓటెయ్యాలి, సభకి తీసుకెళ్తానని జురెమా మాటిచ్చిందే, రాలేదా?”

“ఎవరూ రాలేదు డాక్టర్... ఒకత్తి వచ్చింది. పసుపు తలగుడ్డ. అలాంటి మనిషని వెనక గేటుకి పంపాను.”

ముసలాయన కర్ర మీద వాలాడు.

“మీ వాచ్‌మన్ల బిల్లు సభలో పెట్టిన శాసనసభ్యురాలయ్యా ఆవిడ.”