ఊరికే వచ్చిన యాప్

"ఊరికే వచ్చే ఆటలతో చదువొస్తే ఇక మనమెందుకమ్మా?" అన్నాడు లెక్కల మాస్టారు, కొత్త టీచరు క్లాసు గుమ్మంలో నిలబడి.

లోపల పిల్లలు కంప్యూటర్ల ముందు, ఆమె ఊరికే తెచ్చిన యాప్‌లో క్విజ్ ఆడుతూ ఒకటే గోల. ఆయన క్లాసులో ఎవరూ కిక్కురుమనరు.

"నిన్నేమో రికార్డింగులన్నావు. రేపు గంతులేయిస్తావా?"

"ఇంట్లో ఎవరికైనా పాఠం చెప్పి రికార్డు చెయ్యమన్నాను మాస్టారూ. మీ లెక్కల పాఠం ఒకటుంది, వింటారా?"

"పెట్టు. ఏం వెలగబెట్టారో చూద్దాం."

ఆమె పెట్టింది. ఒక ఏడో తరగతి పిల్ల తన చెల్లెలికి భిన్నాల కూడిక చెబుతోంది. ముందు హారాలు సమానం చేసింది, తర్వాత కూడింది. ఎక్కడా తడబడలేదు.

మాస్టారు మీసం దువ్వుకున్నాడు. "నా దగ్గర నేర్చుకున్నదే. ఆ ధాటి చూశావా? నీ యాప్ నేర్పుతుందా అది?"

రికార్డింగు ఇంకా నడుస్తోంది. అక్క గొంతు లావు చేసింది.

"ఎక్కిందా మొద్దూ? నీ బుర్రలో ఉన్నది పేడ. నువ్వు గేదెలు కాయడానిక్కూడా పనికిరావు."

చెల్లెలు వెక్కివెక్కి ఏడ్చింది.

"ఏడవకే," అంది అక్క, ఈసారి తన మామూలు గొంతుతో. "నిన్ను తిట్టలేదు. లెక్కలు ఇలాగే చెప్పాలి."