పెద్దసామి వంతు

కొండ దర్గాలో భక్తుల కోసం ఫాతెహా ప్రార్థన చదివే ముజావర్ హక్కు తండ్రి పోయాక పెద్దకొడుకుకు వస్తుంది. షాషావలి తండ్రి పోయి చాలా ఏళ్లయింది. ఆయన గొంతు మాత్రం దర్గా సమాధి పక్కనున్న మాట్లాడే పెట్టెలో ఉండిపోయింది. ఇప్పుడు అందరిళ్లలోనూ పోయిన పెద్దల గొంతులు అలాగే ఉన్నాయి. పప్పులో ఉప్పు చాలలేదని కూడా అవే చెబుతున్నాయి.

దర్గాకు వచ్చినవాళ్లను పెట్టె పేరుపెట్టి పలకరిస్తుంది, దువా చదువుతుంది. సేవ ఆగలేదు కాబట్టి ముజావర్ వంతు ఖాళీ కాలేదని కమిటీ తేల్చింది. పెట్టెలోని పెద్దాయనే తన నోటితో వదులుకుంటే తమకు అభ్యంతరం లేదంది.

ఏటా జరిగే ఉర్సు ఉత్సవానికి గంధం నూరుతూ షాషావలి మళ్లీ అడిగాడు.

"అబ్బాజాన్, ఈ ఉర్సుకన్నా నన్ను చదవనీ. నా గడ్డం నెరిసిపాయ."

"నెరిస్తే నెరిసిందిలే. వాకిట్లో చెప్పులు చూసుకునేదానికే నీకు చాతగాదు. వచ్చే ఉర్సుకు చూద్దాం."

బతికుండగా కూడా ఆయన ఇదే అనేవాడు.

"నువ్వు పోయినప్పటి నీ వయసు కన్నా ఇప్పుడు నా వయసే ఎక్కువ."

"ఎదురు మాట్లాడాకురా" అంది పెట్టె.

దాన్ని ఆపేయడం ఎంతసేపు? కానీ తండ్రి గొంతు నొక్కినవాడి చేత దువా ఎవరు చదివించుకుంటారు?

అప్పుడే ఒకామె జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకొచ్చింది. పెట్టె దువా అందుకుంది. షాషావలి నెమలీకల కట్టను బిడ్డ తలకు ఆనించి, తానూ పైకి చదవడం మొదలుపెట్టాడు.

"చిన్నసామీ, రోంత ఊరకుండప్పా" అందామె. "పెద్దసామి మాట ఇనబల్లేదు."

షాషావలి నోరు మూసుకుని నెమలీకలతో బిడ్డకు విసరసాగాడు.