హీరో కుర్చీ

"లే. అది హీరో కుర్చీ."

సంజీవ్ ఇంగ్లీషులోనే అన్నాడు. విసుగు మాత్రం ఏ భాషవాడికైనా అర్థమయ్యేదే.

ముసలి తెల్లవాడు చాయ్ కప్పుతో సహా లేచి నిలబడ్డాడు. చిరిగిన చొక్కా, మట్టి కొట్టుకున్న గడ్డం, కాళ్లకు చెప్పులు లేవు. ఇక్కడ తీస్తున్న సినిమాలో ఓడ మునిగి ఒడ్డుకు కొట్టుకొచ్చే గుంపు ఒకటుంది. పొద్దున్నుంచీ అలాంటి వేషాలే ఎటు చూసినా.

"క్షమించు, నాకు తెలియదు," అన్నాడు ముసలివాడు నవ్వుతూ.

"ఇప్పుడు తెలిసింది కదా."

సలాలా ఊరి బయట రైసూత్ దాటాక, సముద్రం ఒడ్డున అమెరికా వాళ్ల షూటింగు. ఇవాళే ఆఖరి రోజు. టెంట్లు, కుర్చీలు, నీళ్లు, పనివాళ్లు, అన్నీ సంజీవ్‌వే. మిగులు లేకపోయినా ఒప్పుకున్నాడు. అతని లెక్క వేరు.

హీరో పక్కన నిలబడి ఒక్క ఫొటో.

అది పెద్దది చేయించి కొట్లో తగిలిస్తే చాలు, సలాలాలో పెళ్లిళ్ల ఆర్డర్లు, హోటళ్ల ఆర్డర్లు నడిచి వస్తాయి.

హీరోను అతను చూసింది పాత పోస్టర్ మీదే. నున్నగా గీసిన గడ్డం, నల్ల సూటు. షాటు తీసేటప్పుడు సప్లై వాళ్లను తాడు దాటనివ్వరు. అందుకే గొడుగు కింద వేసిన కుర్చీ దగ్గర తానే కాపలా ఉన్నాడు. ఎంత గొప్పవాడైనా ఎప్పుడో ఒకసారి కూర్చోక తప్పదు కదా.

మధ్యాహ్నం డబ్బాలు దింపించి వచ్చేసరికి కుర్చీలో మళ్లీ మనిషి ఉన్నాడు.

ఈసారి భీమన్న. సంజీవ్ పనివాడే.

భీమన్నది తేలిక డ్యూటీ అని అందరూ అంటారు. హీరో అంత పొడుగని అతన్ని ఏరుకున్నారు. కెమెరా, లైట్లు సరిచేసుకునేదాకా హీరో నిలబడాల్సిన చోట ఎండలో కదలకుండా నిలబడాలి. అంతా కుదిరాక తప్పుకోవాలి.

"నిలబడేటందుకు తీసుకుంటే కూసున్నవా?" అన్నాడు సంజీవ్.

"కండ్లు తిరిగినయ్ సేటు. ఈయనే పట్టుకొచ్చి కూసోవెట్టిండు."

పక్కన ముసలివాడు అట్టముక్కతో భీమన్నకు విసురుతున్నాడు.

"నాకు చెప్తే ఇంకోన్ని నిలబెడుదు కద. ఇప్పుడు నీ జాగల ఎవ్వడు నిలబడ్డడు?"

"ఈయనే నిలబడ్డడు. నేను వద్దన్న. ఈయన మాట నేనెట్ల కాదనాలె సేటు?"

"నీకు డ్యూటీ ఇచ్చింది ఈయనా, నేనా?"

భీమన్న లేవబోయాడు. ముసలివాడు భుజం నొక్కి కూర్చోబెట్టాడు. తర్వాత సంజీవ్ వైపు తిరిగాడు.

"అతన్ని ఏమనకు. ఆ పని నేనూ చేశాను. పన్నెండేళ్లు హీరోలకు బదులు నిలబడ్డాను. వెలుతురు నా మీద సరిచూసుకునేవాళ్లు. తీసేటప్పుడు పక్కకు పొమ్మనేవాళ్లు. కూర్చోమని ఒక్కరూ అనలేదు."

సంజీవ్ మనిషి ధరను బట్టల మీద చదువుతాడు. ఇంతవరకు పెద్దగా తప్పింది లేదు. పన్నెండేళ్లు నిలబడ్డాడు, ఈ వయసులోనూ ఎవరి కుర్చీలోనో కూర్చుని తిట్లు తింటున్నాడు. బేరం కుదరని జీవితం.

"తర్వాత ఒకరోజు," అన్నాడు ముసలివాడు, "ఓ హీరో షూటింగుకు రాలేదు. డైరెక్టరు నా వైపు చూసి..."

"కథ తర్వాత చెప్పు. ఖాళీగా నిలబడే బదులు ఆ నీళ్ల పెట్టె ఇటు తే."

ముసలివాడు అట్టముక్క పక్కన పెట్టాడు. వెళ్లి పెట్టె మోసుకొచ్చి సంజీవ్ కాళ్ల దగ్గర పెట్టాడు.

"ఇక్కడేనా?"

"ఇంకొంచెం నీడలోకి."

జరిపాడు.

తర్వాత భీమన్న ఫోను అడిగి తీసుకుని సంజీవ్ చేతికిచ్చాడు.

"మా ఇద్దరికీ ఒక ఫొటో తీస్తావా?"

సంజీవ్‌కు ఒళ్లు మండిపోయింది. తన ఫొటోకు దిక్కు లేదు, వీళ్లకు తీసిపెట్టాలట. ఇద్దరూ కుదురుగా ఉన్నారో లేదో చూడకుండానే నొక్కాడు.

"ఇంకొకటి..."

"ఒకటి చాలు. ఇక ఆ కుర్చీ ఖాళీ చేయండి."

సాయంత్రం దాకా కుర్చీ ఖాళీగానే ఉంది. సంజీవ్ రెండుసార్లు దాని మీది ఇసుక దులిపాడు. తల దువ్వుకున్నాడు.

టెంట్లు విప్పుతుంటే ఎయిర్‌పోర్టు వైపు ఒక తెల్ల కారు వెళ్లింది. కిటికీలోంచి ఎవరో చెయ్యి ఊపారు. సంజీవ్ రెండు చేతుల్లో టెంటు గుంజలున్నాయి. ఊపలేదు.

షూటింగు పనులు చూసే సమీయుల్లా వచ్చాడు. కడప మనిషి.

"సమీ భాయ్, ఏం హీరో అయ్యా మీ హీరో? కుర్చీల ఒక్కపారన్న కూసోలే. పొద్దంత కాపలా ఉన్న."

"ఇప్పుడే పాయ కదన్నా కారులో. నీకు చెయ్యి గూడా ఊపెనే."

సంజీవ్ చేతుల్లోంచి గుంజలు ఇసుకలో పడ్డాయి.

"ఒక్క ఫొటో కోసమే ఈ పని ఒప్పుకున్న భాయ్."

"ఫొటో తీసింది నువ్వేనంట కదన్నా?" అన్నాడు సమీయుల్లా.

పక్కనే ఉన్న భీమన్న ఫోను తీసి చూపించాడు. గొడుగు కింద హీరో కుర్చీలో భీమన్న, అతని భుజం మీద చెయ్యేసి, చిరిగిన చొక్కాతో, చెప్పుల్లేని కాళ్లతో నిలబడి హీరో.