మాస్టారి ముక్కు

"గోడవైపు తిరిగి కూర్చోండి మాస్టారూ. మీరు మీ ఆవిడ మొహం చూడ్డానికి వీల్లేదు," అన్నాడు ఓనరు.

మాస్టారు విసురుగా కుర్చీని గోడవైపు లాక్కున్నాడు. బీరు అక్కడికక్కడే కాచి అమ్మే ఆ బ్రూపబ్ తెరిచిన రోజు నుంచీ కాచేది ఆయనే. ఎండలకొకటి, వానలకొకటి, చలికొకటి, కాలం మారితే చాలు కొత్త డ్రాఫ్ట్ బీరు దించేవాడు. తను సరేననేదాకా ఎవర్నీ చుక్క ముట్టనిచ్చేవాడు కాదు. ఆ సాయంత్రమే చలికాలపు డ్రాఫ్ట్ విడుదల. బల్లలన్నీ ముందే బుక్కయిపోయాయి. అలాంటి రోజు పొద్దున్నే, బళ్ళో పిల్లాడికి పెట్టినట్టు ఆయనకి పరీక్ష!

"ఇంత అవమానం పగవాడికి కూడా వద్దు," అని గొణిగాడు గోడతో.

"నాకు మాత్రం సరదానా? వానాకాలం డ్రాఫ్ట్ సంగతి మర్చిపోయారా? తడిసిన అట్టపెట్టె కంపు కొడుతోందని జనం గ్లాసులు సగంలో వదిలేసి లేచిపోయారు. మీరేమో ఘుమఘుమలాడుతోందన్నారు. ఇంకొక్కసారి అలా జరిగిందా, పబ్బుకి తాళం వేసుకోవడమే."

ఓనరుది నోటి దురుసే గానీ మనిషి చెడ్డవాడు కాదు. లివరు పాడయ్యాక డాక్టరు ఆయన్ని బీరు ముట్టొద్దన్నాడు. వాసన తగిలితే పాత కోరిక ఎక్కడ లేస్తుందోనని కౌంటరుకి దూరంగా నిలబడతాడు. పాపం, ఇంకొకళ్ళ ముక్కుని నమ్ముకోక ఏం చేస్తాడు?

"ఆ పాడు జ్వరానికి ముక్కు మొద్దుబారిన మాట నిజమే. ఇప్పుడు బాగైందయ్యా బాబూ! ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు మాస్టారు.

"అయితే మరీ మంచిది. చెల్లెమ్మా, పద్ధతి తెలుసుగా?"

మాస్టారి భార్యకి తెలియకేం? వచ్చినవాళ్ళకి టేస్టింగులు జరిపించేది ఆవిడే. మూడు నల్ల గ్లాసులు. రెండింటిలో ఒకే బీరు, ఇంకోదాంట్లో వేరేది. ఆ వేరేది ఏదో చెప్పాలి. ఇవాళ రెండింటిలో తాజా డ్రాఫ్ట్, ఒకదాంట్లో వానాకాలంలో పాడై మూలపడ్డ పీపాలోది. పోసేటప్పుడు పక్కన ఎవరూ ఉండకూడదు. జవాబు పోసినవాళ్ళకే తెలియాలి.

"మొగుడని జాలిపడకమ్మా. మునిగేది నేనొక్కణ్ణే కాదు, ఇక్కడ పనిచేసేవాళ్ళందరూ."

"తెలుసు అన్నయ్యగారూ."

"ఏమేవ్, దగ్గడాలూ సకిలించడాలూ పెట్టుకోకు," అన్నాడు మాస్టారు వెనక్కి తిరక్కుండానే. "పోతే పోయిందనే చెప్పు. నీ దయతో నెగ్గి ఆ ట్యాంకుల ముందు నిలబడమంటే నావల్ల కాదు."

"మీ మీద దయ చూపించేంత తీరిక నాకు లేదు లెండి," అంటూ ఆవిడ పీపాలుండే కోల్డ్ రూములోకి వెళ్ళి తలుపేసుకుంది.

నవ్వుతూ అంది గానీ మనసు మనసులో లేదు. మొన్న పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే ఈయన పక్కగదిలో కూర్చుని పేపరు చదువుకున్నాడు. అడిగితే, ధ్యాస పేపరు మీదుందన్నాడు. నమ్మాలో లేదో తెలియక ఆవిడకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ముక్కే పోతే ఇంక తను బతికేం లాభం అని ఒకసారి అన్నాడు కూడా. తమాషాకి అన్నాడనుకుందామంటే మొహంలో నవ్వు లేదు. ఆయన ముక్కు బాగైందా లేదా అన్నది ఓనరు కంటే ముందు ఆవిడకి తేలాలి. ఎలాగో మూడు గ్లాసులూ నింపి, పళ్ళెంలో పెట్టుకుని తీసుకొచ్చింది.

మాస్టారు మొదటిది ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఓ గుక్క తాగాడు.

"ఆహా! ఇదీ బీరంటే."

రెండోది తాగగానే మొహం చిట్లించాడు. మూడోది తాగాడు. మళ్ళీ రెండోదానికొచ్చాడు. ఓనరు గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

"మధ్యది," అన్నాడు మాస్టారు చివరికి. "అట్టపెట్టె కంపు."

ఓనరు ఆవిడ వైపు చూశాడు. ఆవిడ మాస్టారి వైపు తిరిగింది.

"తొందరపడకండి. మిగతా రెండూ బాగున్నాయా? ఇంకొక్కసారి చూడండి. మీ పుణ్యముంటుంది, సరిగ్గా చూసి చెప్పండి."

"బాగున్నాయా అంటావేమిటే! నా జన్మలో ఇంత మంచి డ్రాఫ్ట్ దించలేదు!" మొదటి గ్లాసు గటగటా తాగేసి ఠక్కున బల్ల మీద పెట్టాడు.

ఆవిడ ఆ ఖాళీ గ్లాసు తీసి పళ్ళెంలో పెట్టింది.

"సరిగ్గా చెప్పారు," అంది. "మధ్యదే."

ఓనరు ఒక్క గెంతు గెంతి మాస్టార్ని కావలించుకున్నాడు. "ఎండాకాలం డ్రాఫ్ట్ కూడా మీదే మాస్టారూ! నేనన్న మాటలు మనసులో పెట్టుకోకండి."

మాస్టారు చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. "తిరిగొచ్చిందే! నేను చెబితే ఒక్కరూ నమ్మలేదు. నువ్వూ నమ్మలేదు కదూ?"

"నమ్మాను," అందావిడ. ఆవిడకీ కన్నీళ్ళు ఆగడంలేదు.

"బాగుంది సంబడం! నెగ్గినా ఏడుపేనా?" అని ఓనరు నవ్వాడు. "ఇంతకీ చెల్లెమ్మా, సాయంత్రానికి ఢోకా లేదుగా?"

"లేదన్నయ్యగారూ. లోపల కొత్త పీపాలోది నేనూ రుచి చూశాను. చాలా బాగుంది. ఇకమీదట ప్రతి పీపా ఈయనతోపాటు నేనూ ఓ చుక్క చూస్తాను. ఏమండీ, కాదనకండి."

"చూసుకో, నిన్ను కాదంటానా!" అన్నాడు మాస్టారు. ఇవాళ ఆయన ఎవరికీ దేన్నీ కాదనేలా లేడు. ఈల వేసుకుంటూ ట్యాంకుల వైపు వెళ్ళిపోయాడు.

ఓనరు గ్లాసుల దగ్గరికి రాకముందే ఆవిడ వాటిని తీసుకెళ్ళి, మిగిలింది సింకులో పారబోసి, కంపు పోయేదాకా తోమింది.

మూడింటిలోనూ ఆవిడ పోసింది ఆ పాడైన బీరే.